విశాఖలో కొత్తగా చేరిన డ్రాయింగ్ టీచరుకు నా జవాబు

మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా చెప్పుకుందాం. బీఎఫ్‌ఏ (చిత్రకళల డిగ్రీ) చదివి, విశాఖపట్నంలో ఒక సీబీఎస్‌ఈ బడిలో డ్రాయింగ్ టీచరుగా చేరి మీకు 5 నెలలైంది. ఒక్కో తరగతికి వారానికి ఒకే పీరియడు. 40 నిమిషాలు, 45 మంది పిల్లలు. పరీక్షలు దగ్గర పడితే ఆ ఒక్క పీరియడూ లెక్కల టీచరుకు వెళ్లిపోతోంది. వేదిక అలంకరణ, చార్టులు, గోడపత్రిక అన్నీ మీ నెత్తినే పడుతున్నాయి. ఆరో తరగతి పిల్లలు "మాకు రాదు టీచర్" అని కాగితం పక్కకు తోసేస్తున్నారు. ఒక తల్లి వచ్చి "బొమ్మలు వేస్తే మార్కులు వస్తాయా?" అని అడిగారు. ఉండాలా, మానేయాలా అని మీరు అడుగుతున్నారు.

నేను ఈ ఊళ్లోనే 28 ఏళ్లు డ్రాయింగ్ మాస్టారుగా పనిచేశాను. మొదట కొన్నాళ్లు ప్రైవేటు బడిలో, తరువాత ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో. లోయర్, హయ్యర్ గ్రేడ్ పరీక్షలు రాసి, 42 రోజుల టీటీసీ (టెక్నికల్ టీచర్స్ సర్టిఫికెట్) వేసవి శిక్షణ పొంది వచ్చినవాణ్ణి. మీరు రాసిన కష్టాల్లో నేను పడనిది ఒక్కటీ లేదు.

జీతం సంగతి ముందే చెప్పేస్తాను. ప్రైవేటు బళ్లలో డ్రాయింగ్ టీచరుకు ఇచ్చేది తక్కువ. ఇల్లంతా ఆ జీతం మీదే నడవాలంటే ఆ లెక్క మీ ఇంట్లోవాళ్లతో కూర్చుని వేసుకోవలసిందే, అందులో నేను సలహా ఇవ్వలేను. మిగతా కష్టాలకు మాత్రం దారులున్నాయి. వాటి కోసమైతే మానేయకండి అని గట్టిగా చెబుతాను.

ఏ తరగతికైనా వెళ్లి "మీకు నచ్చిన దృశ్యం వేయండి" అనండి. సగానికి పైగా కాగితాల మీద ఒకే బొమ్మ వస్తుంది. త్రికోణాల్లాంటి రెండు కొండలు, వాటి మధ్య సగం సూర్యుడు, కిందికి జారే ఏరు, ఒక గుడిసె, ఒక కొబ్బరి చెట్టు, ఆకాశంలో నాలుగు పక్షులు. చిన్నప్పుడు నేనూ ఇదే వేశాను, మీరూ వేసే ఉంటారు. కానీ విశాఖ పిల్లల చేతిలో దీన్ని చూస్తే నా మనసు చివుక్కుమనేది. మన సూర్యుడు సముద్రంలోంచి పైకొస్తాడు. మన కొండలు త్రికోణాలుగా ఉండవు. డాల్ఫిన్స్ నోస్ నీళ్లలోకి బారుగా చాచుకుని ఉంటుంది. కైలాసగిరి వీపు గుండ్రంగా చేసుకుని పడుకున్న ఏనుగులా కనిపిస్తుంది. పిల్లలు రోజూ బస్సు కిటికీలోంచి వీటిని చూస్తూనే బడికి వస్తారు. కాగితం ముందు కూర్చోగానే చూసింది పక్కనపెట్టి, ఎవరో నేర్పిన గుర్తును దించుతారు. మన పని ఇక్కడే మొదలవుతుందని నా నమ్మకం. పిల్లలు తమ కళ్లతో చూడాలి, చూసినదాన్ని కాగితం దాకా తీసుకురావాలి. షేడింగు, పర్‌స్పెక్టివ్ (దూరం, దగ్గర తేడా చూపడం) లాంటివన్నీ ఆ తరువాత నేర్పుకోవచ్చు.

ఈ పని నేను సముద్రంతో చేయించాను. మా బడి డాబా మీదికి ఎక్కితే రెండు మేడల సందులోంచి సముద్రం ఒక పట్టీలా కనిపించేది. జులైలో ఒక ఉదయం, రాత్రంతా వాన పడి వెలిసిన రోజు, ఏడో తరగతి పిల్లలను అడిగాను: "సముద్రం ఏ రంగు?" అందరూ ఒక్క గొంతుతో "నీలం" అన్నారు. డాబా మీదికి తీసుకెళ్లాను. గెడ్డల నుంచి వచ్చిన వాన నీరు కలిసి ఒడ్డు దగ్గర మట్టిరంగు, దాని అవతల బూడిద కలిసిన ఆకుపచ్చ. ఇంకా దూరంగా ఆకాశం ఎక్కడ మొదలైందో తెలియని తెలుపు. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. చివరికి ఒక అమ్మాయి, "సార్, నీలం ఎక్కడా లేదు" అంది.

కిందికి వచ్చి ఒక్కొక్కరికి మూడు అంగుళాల చదరం కాగితం ముక్క ఇచ్చాను. రంగులు నాలుగే: ఎరుపు, పసుపు, నీలం, తెలుపు. నలుపు ఇవ్వలేదు. ఇప్పుడు చూసిన సముద్రం రంగు కలిపి ఆ ముక్కంతా నింపాలి, బొమ్మ వేయనక్కరలేదు, అంతే పని. ఎవరూ "రాదు" అనలేదు, ఎందుకంటే రాకపోవడానికి అందులో గీత లేదు. నీలంలో కాస్త ఎరుపు, ఇంకాస్త పసుపు పడగానే బూడిదరంగు వస్తుందని ఒకరిని చూసి ఒకరు కనిపెట్టారు. 42 ముక్కలు వచ్చాయి, ఏ రెండూ ఒకలా లేవు. వెనక తేదీ, వేళ రాయించి ఒక వరుసలో అంటించాను. తరువాత పదిహేను రోజులకొకసారి అదే పని. ఫిబ్రవరి నాటికి గోడ మీద మన సముద్రం ఎనిమిది నెలల పాటు మారిన తీరు నిలిచింది. వానల రోజుల వరుసలు మట్టిగా, డిసెంబరు వరుస నిజంగానే నీలంగా, మబ్బు పట్టిన రోజుది సీసంలా. వేరే తరగతుల పిల్లలు వచ్చి తమ పుట్టినరోజుకు దగ్గరి వరుస ఎక్కడుందో వెతుక్కునేవారు. జాలరిపేట నుంచి వచ్చే ఒక అబ్బాయి ఆ గోడ ముందు నిలబడి, "మా నాన్న నీళ్ల రంగు చూసి లోతు చెబుతాడు సార్" అన్నాడు. అప్పటిదాకా వాడు తరగతిలో నోరు విప్పిన పిల్లవాడు కాదు.

ఆ అబ్బాయి సంగతి ఇంకొంచెం చెప్పాలి. ఒకసారి పడవ వేయమన్నాను. తరగతి మొత్తం కాగితం పడవ ఆకారం వేసింది. వీడొక్కడే పడవ ముక్కు ఎంత ఎత్తుకు లేస్తుందో, అలను చీల్చడానికి ఎలా సన్నబడుతుందో, వలకు కట్టిన బెండ్లు ఏ వైపు పెడతారో అన్నీ వేశాడు. గీత వంకరే, విషయం మాత్రం తప్పలేదు. ఆ బొమ్మ పట్టుకుని వాణ్ణే బల్ల దగ్గర నిలబెట్టి తరగతికి చెప్పమన్నాను. పది నిమిషాలు చెప్పాడు. మిగతా సబ్జెక్టులన్నిటిలో వెనకబడిన పిల్లవాడు ఒక పీరియడులో తరగతికి పాఠం చెప్పగలిగాడంటే, ఆ అవకాశం మన పీరియడులోనే ఉంది. ఈ ఉద్యోగం నాకు ఇచ్చినదేమిటని అడిగితే మొదట గుర్తొచ్చేది ఆ పది నిమిషాలే.

ఇక ఆరో తరగతి పిల్లల "మాకు రాదు". ఇది మీ తప్పూ కాదు, వాళ్ల బద్ధకమూ కాదు. పిల్లల బొమ్మలను ఏళ్ల తరబడి గమనించిన విక్టర్ లోవెన్‌ఫెల్డ్ అనే విద్యావేత్త వయసును బట్టి దశలు చెప్పాడు. నాలుగైదేళ్ల పాప వేసే మనిషికి తల నుంచే కాళ్లు వస్తాయి. ఏడెనిమిదేళ్లకు కాగితం అడుగున ఒక గీత గీసి ఇల్లు, చెట్టు, అమ్మ, కుక్క అన్నిటినీ దాని మీద వరుసగా నిలబెడతారు. గోడ అవతలి మంచం కూడా గోడలోంచి కనబడేలా వేస్తారు, అక్కడ మంచం ఉందని వాళ్లకు తెలుసు కాబట్టి. తొమ్మిది నుంచి పన్నెండేళ్ల మధ్య తమ బొమ్మ నిజంలా లేదని వాళ్లకే తెలిసిపోతుంది. తప్పు పట్టే కన్ను ముందే వచ్చేసింది, దిద్దే చేయి ఇంకా రాలేదు. ఆ ఎడంలో చాలామంది పెన్సిలు వదిలేసి మళ్లీ జీవితంలో పట్టుకోరు. మీ ముందున్నది సరిగ్గా ఆ వయసు. అందుకే ఆరు, ఏడు తరగతులను చాలా జాగ్రత్తగా చూసుకోమంటాను.

అక్కడ నాకు పనికొచ్చినవి రెండున్నాయి. మొదటిది, కాగితం వైపు చూడకుండా గీయించడం. ఎడమ చేతిని బల్ల మీద పెట్టుకుని, కళ్లు దాని మీదే ఉంచి, చీమ నడిచినంత నెమ్మదిగా అంచు వెంట చూపు పోనిస్తూ, అదే వేగంతో పెన్సిలు కదపాలి. పెన్సిలు ఎత్తకూడదు. అందరివీ వంకరగా వస్తాయి, తరగతంతా నవ్వుతుంది, బాగా వేసేవాడు, వేయలేనివాడు అనే తేడా ఆ రోజుకు పోతుంది. కాస్త దగ్గరికి తీసుకుని చూస్తే వేలి కణుపు దగ్గరి ముడతలు, గోరు పక్కన తోలు లేచిన చోటు ఆ వంకర గీతలో దొరుకుతాయి. అవి వేలెత్తి చూపించండి. రెండోది, కుర్చీని బల్ల మీద తలకిందులుగా పెట్టి, కుర్చీని వదిలేసి కాళ్ల మధ్య ఖాళీలను మాత్రమే వేయించడం. ఖాళీకి పేరు లేదు, దానికి ముందే నేర్చుకున్న గుర్తూ లేదు, అందువల్ల ఉన్నది ఉన్నట్టు చూడక తప్పదు. పూర్తయ్యేసరికి కుర్చీ తానే తేలుతుంది. దానికి పిల్లలు పడే ఆశ్చర్యం చూసి తీరాలి. ఈ రెండు పనుల రోజున రబ్బర్లన్నీ గుమ్మం దగ్గర ఒక డబ్బాలో వేయించండి. రబ్బరు చేతిలో ఉంటే సగం పీరియడు చెరపడంలోనే పోతుంది.

పిల్లల కాగితం మీద మీ చేయి పెట్టకండి. ఇది నేను ఆలస్యంగా నేర్చుకున్నాను. మొదట్లో ముక్కు సరిచేస్తాను, చెట్టు దిద్దుతాను అని గీసేవాణ్ణి. ఆ గీత అందంగానే ఉండేది, బొమ్మ మాత్రం ఆ క్షణం నుంచి నాది అయిపోయేది. వాళ్లకూ అది తెలుసు. చూపించవలసి వస్తే పక్కన ఇంకో చీటీ మీద గీసి చూపి, ఆ చీటీని మీ జేబులో వేసుకుని వెళ్లండి. అలాగే "బాగుంది" అని ఊరుకోవద్దు. "ఈ మబ్బు అంచు దగ్గర రంగు పలచబడింది, ఎలా చేశావు?" అని అడగండి. 45 మందినీ ఒకే రోజు అడగలేరు. పీరియడుకు ఎనిమిది మంది పేర్లు రాసుకుని వెళితే నెలన్నరలో అందరూ అయిపోతారు.

లెక్కల టీచరు సంగతికి వస్తాను. నా పీరియడు ఏటా నవంబరులో మాయమయ్యేది. కొట్లాడి చూశాను, ఫలితం లేకపోయింది. తరువాత ఒక ఏడాది ముగ్గు పట్టుకుని లెక్కల మాస్టారి దగ్గరికి వెళ్లాను. మధ్య వరుసలో 15 చుక్కలు. ఎదురు చుక్క పెడితే పైకీ కిందికీ వరుసకు రెండేసి తగ్గుతూ 1 దగ్గర ఆగుతుంది. సందు చుక్క పెడితే ఒక్కొక్కటే తగ్గుతుంది, 8 దగ్గర ఆపుతాం. మొదటిదానికి మొత్తం 113 చుక్కలు, రెండోదానికి 169. మొదలు ఒకే 15 అయినా ఇంత తేడా ఎందుకొచ్చిందో, లెక్కపెట్టకుండా మొత్తం ఎలా చెప్పాలో పిల్లలను అడగమన్నాను. ఆయన నా పీరియడులోనే వచ్చి నల్లబల్ల దగ్గర నిలబడ్డారు. 13, 11, 9, 7, 5, 3, 1 కలిపితే 49, అంటే 7×7 అని ఒక అమ్మాయి కనిపెట్టినప్పుడు ఆయన ముఖం వెలిగిపోయింది. పిల్లలు ఒక ముగ్గును వజ్రంలా, ఇంకోదాన్ని ఆరు మూలల పువ్వులా నింపారు. ఆ ఏడాది నుంచి పీరియడు కావాలంటే ఆయన ముందు అడిగేవారు, తీసుకున్నది తిరిగి ఇచ్చేవారు కూడా. ప్రతి బడిలో ఇలా జరుగుతుందని మాట ఇవ్వలేను. ప్రయత్నించి చూడండి.

ప్రిన్సిపాలుగారితో మాట్లాడేటప్పుడు మాత్రం కాగితం మీద ఉన్నది చూపించండి. 2019లో సీబీఎస్‌ఈ తన బళ్లకు పంపిన సర్క్యులరులో ఒకటి నుంచి పన్నెండు వరకు ప్రతి తరగతికీ వారానికి కనీసం రెండు పీరియడ్లు కళావిద్యకు కేటాయించాలని ఉంది. ఒకటి నుంచి పది వరకు కళతో ముడిపడిన ప్రాజెక్టు పని తప్పనిసరి అని 2020లో చెప్పింది. 2020 జాతీయ విద్యా విధానం కళలకూ మిగతా చదువుకూ మధ్య గోడ ఉండకూడదని రాసింది. ఇవి తెచ్చి, కోపం లేకుండా, "రెండు పీరియడ్లు పక్కపక్కన ఇప్పించండి, 80 నిమిషాలుంటే రంగు పని జరుగుతుంది" అని అడగండి. వెంటనే ఇవ్వకపోయినా వచ్చే ఏడాది టైంటేబుల్ వేసేటప్పుడు గుర్తుంటుంది.

చార్టులు, వేదికలు తప్పవు. బడిలో పండుగ జరిగితే అందరూ మన వైపే చూస్తారు. నేను చేసిన మార్పు ఒక్కటే. నా చేత్తో వేయడం మానేసి పిల్లల చేత వేయించాను. అక్షరాలు కాస్త వంకరగా వస్తాయి, ఎవరో ఒకరు గొణుగుతారు. మొదటి ఏడాది ఓర్చుకోండి. తల్లిదండ్రులు వచ్చి "ఇది మా అబ్బాయి వేసిన నెమలి" అని ఫొటోలు తీసుకోవడం మొదలయ్యాక యాజమాన్యం వంకర అక్షరాల సంగతి మరచిపోతుంది.

45 మందితో రంగులు, నీళ్లు. గది మధ్య రెండు బకెట్లు పెట్టండి, ఒకటి మంచి నీటికి, ఇంకోటి మురికి నీటికి. బెంచీకి ఒక గ్లాసు, ఒక పాత గుడ్డ. గ్లాసు మార్చే పని బెంచీకి ఒకరిదే, మిగతావారు లేవకూడదు. పెద్ద షీటు ఇవ్వకండి, పావు షీటు చాలు. చిన్న కాగితం 40 నిమిషాల్లో పూర్తవుతుంది, పూర్తయిన బొమ్మ ఇచ్చే ధైర్యం సగంలో ఆగిన పెద్ద బొమ్మ ఇవ్వదు. ఆఖరి ఎనిమిది నిమిషాలు కడగడానికి, తుడవడానికి వదిలేయండి. బ్రష్షును నీళ్లలో తలకిందులుగా నిలబెడితే కుచ్చు వంగిపోయి వారానికే పాడవుతుంది, ఇది మొదటి రోజే నేర్పాలి.

మన ఊరి గాలిలో తేమ మీరు గమనించే ఉంటారు. వానల నెలల్లో నీటి రంగు ఆరదు. తడి బొమ్మలను ఒకదాని మీద ఒకటి పేరిస్తే మర్నాటికి అతుక్కుని కూర్చుంటాయి. అక్టోబరు దాకా పెన్సిలు, బొగ్గు, ఆయిల్ పాస్టెల్స్, కాగితం ముక్కలు అంటించే పని పెట్టుకుని, నీటి రంగులను డిసెంబరు, జనవరిలకు ఉంచుకోండి. రంగుల డబ్బా కొనలేని పిల్లలుంటే వంటింట్లోంచి తెప్పించండి. పసుపు నీళ్లలో చిటికెడు సున్నం కలపగానే పారాణి ఎరుపు వస్తుంది. శంఖుపూలు నలిపిన నీలంలో నిమ్మరసం పిండితే ఊదా అవుతుంది. ఈ రంగులు ఎండకు వెలిసిపోతాయి, ఆ మాట పిల్లలకు ముందే చెప్పండి. మట్టిరంగు కావాలంటే ఇల్లు కట్టే చోట పునాది తవ్విన మట్టి నూరి జల్లించుకోండి. భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బల నుంచి మాత్రం పిడికెడు కూడా తేవద్దు, తేనివ్వద్దు. అది కాపాడుకోవలసిన చోటు. అక్కడికి పిల్లలను తీసుకెళ్లి, కూర్చోబెట్టి, ఆ ఎరుపుల్లో ఎన్ని ఎరుపులున్నాయో వేయించండి. బడి ఒప్పుకుంటే యలమంచిలి దగ్గర వరాహ నది ఒడ్డున ఉన్న లక్క బొమ్మల ఊరు ఏటికొప్పాక కూడా చూపించండి. అంకుడు కర్ర లేతు మీద తిరుగుతుంటే లక్కను దానికి అదిమి పట్టుకుంటారు. ఆ రాపిడి వేడికే లక్క కరిగి కర్రకు పడుతుంది. పిల్లలు దాన్ని రెప్ప వేయకుండా చూస్తారు.

ఇప్పుడు చెప్పేది మాత్రం నిదానంగా చదవండి. ఏడో తరగతిలో ఒక అబ్బాయి చెట్ల ఆకులకు గోధుమరంగు, మానుకు ఆకుపచ్చ వేసేవాడు. అంతకు ముందు ఏడాది ఎవరో వాడి పుస్తకంలో "శ్రద్ధ లేదు" అని ఎర్ర సిరాతో రాశారు. నేనూ మొదట అల్లరి అనుకున్నాను. ఒక రోజు వాడి వెనక నిలబడి చూస్తే, ప్రతి క్రేయానును తిప్పి, దాని కాగితం మీది పేరు చదివి తీసుకుంటున్నాడు. పేరు ఉన్న క్రేయాన్లతో వేసినవన్నీ సరిగానే ఉన్నాయి. కాగితం చిరిగిపోయినవాటితో వేసినవే తప్పాయి. కాగితం లేని రెండు క్రేయాన్లు చేతిలో పెట్టి "ఇందులో ఆకుపచ్చ ఏది?" అని మెల్లగా అడిగాను. వాడు క్రేయాన్ల వైపు చూడలేదు, నా ముఖం వైపు చూశాడు. జవాబు నా ముఖంలో దొరుకుతుందేమోనని. ఎన్నేళ్లుగా అలా ముఖాలు చదివి నెట్టుకొస్తున్నాడో తలుచుకుంటే ఇప్పటికీ బాధ కలుగుతుంది.

వాళ్ల నాన్నను పిలిచి, కంటి డాక్టరుకు చూపించమన్నాను. చుక్కల పలకలతో పరీక్షించి, ఎరుపు, ఆకుపచ్చల తేడా తెలియని వర్ణాంధత్వం అని తేల్చారు. ఇది ఆడపిల్లల్లో అరుదు, మగపిల్లల్లో అంత అరుదు కాదు. మన ఊళ్లో చాలా ఇళ్లలో లాగే ఆ తండ్రి కూడా కొడుకును నేవీకి పంపాలనుకుంటున్నారు, అక్కడ రంగుల చూపు పరీక్షిస్తారు. కాసేపు ఆయన ఏమీ మాట్లాడలేదు. తరువాత, "పద్దెనిమిదేళ్లకు తెలిసే బదులు పన్నెండేళ్లకే తెలిసింది మాస్టారూ" అన్నారు. ఆ రోజు నుంచి బడిలోని ప్రతి రంగు పుల్ల మీదా పేరు రాసి ఉంచాను. ఆ అబ్బాయికి బొగ్గు ఇచ్చాను. నలుపు తెలుపుల్లో వాడి చేయి తరగతిలో అందరినీ మించిపోయింది. మీ తరగతుల్లోనూ ఇలాంటి పిల్లవాడు ఉండవచ్చు, ఈ వారమే చూడండి. లెక్కల్లో, సోషల్లో ఇది బయటపడదు, మన దగ్గరే పడుతుంది.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు మీరు చిన్నపిల్ల అయి ఉంటారు. బళ్లు మళ్లీ తెరిచాక నేను పిల్లలకు ఏ అంశమూ ఇవ్వలేదు, కాగితాలు మాత్రం పంచాను. ఎప్పుడూ నిటారుగా కొబ్బరి చెట్టు వేసే చేతులు ఆ రోజు దాన్ని పడుకోబెట్టి వేశాయి, వేళ్లతో సహా. ఒకడు ఎగిరిపోతున్న రేకు వేశాడు. కొండలకు ఎవరూ ఆకుపచ్చ వాడలేదు. నిజంగానే ఆ నెలలో మన కొండలు మాడినట్టు గోధుమరంగులో ఉండేవి. ఒక అమ్మాయి కాగితమంతా నల్లగా నింపి, కింది మూలలో గోరంత పసుపు చుక్క పెట్టింది. ఏమిటమ్మా అంటే "కొవ్వొత్తి" అంది. ఇంకేమీ చెప్పలేదు, నేనూ అడగలేదు, పక్కన కూర్చున్నాను. ఆ బొమ్మలకు మార్కులు వేయలేదు, గోడకు పెట్టలేదు. ఎవరిది వాళ్లకు ఇచ్చేశాను. కొందరు దాచుకున్నారు, కొందరు చింపేశారు. చింపేసినవాళ్లకూ అది వేయడం అవసరమే అయిందని నాకు అనిపించింది.

"మార్కులొస్తాయా" అని అడిగిన తల్లికి ఏం చెప్పాలో రాయమన్నారు. ఆవిడను తప్పుపట్టకండి. కోటి విద్యలూ కూటి కొరకే అన్న మాట వింటూ పెరిగినవాళ్లం మనం. వాదించవద్దు, పిల్లల ఫైలు తెరిచి చూపించండి. జూన్‌లో వేసిన చేయి, నవంబరులో వేసిన చేయి పక్కపక్కన పెట్టండి. ఆ తేడా తల్లికి ఎవరూ వివరించనక్కరలేదు. ఇందుకోసమైనా ప్రతి బొమ్మ వెనక తేదీ ఉండాలి, ఏ బొమ్మా పారేయకూడదు. మార్కులు వేయవలసి వచ్చినా నేను ఆ తేడాకే వేసేవాణ్ణి. బయట డ్రాయింగ్ క్లాసుకు వెళ్లే పిల్లవాడి నున్నని బొమ్మకంటే, మూడు నెలల్లో చాలా దూరం నడిచిన వంకర బొమ్మకు ఎక్కువ ఇచ్చాను. అడిగినవాళ్లకు రెండు ఫైళ్లూ చూపించాను.

పోటీల గురించి ఒక్క మాట. బహుమతి కోసం ఒకే బొమ్మను నెలరోజులు బట్టీ పట్టించి పంపే పద్ధతి చాలాచోట్ల ఉంది. బహుమతి వస్తుంది కూడా. ఆ పిల్లవాణ్ణి మరుసటి రోజు ఎదురుగా ఉన్న చెంబు వేయమంటే చేయి కదలదు. అలా పంపకండి.

నిజంగా చేయి ఉన్న పిల్లలు ఏడాదికి ఒకరో ఇద్దరో కనిపిస్తారు. వాళ్ల ఇంటికి వెళ్లి మాట్లాడండి. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఫైన్ ఆర్ట్స్ విభాగం ఈ ఊళ్లోనే ఉందని, కడపలో దీనికోసమే ఒక విశ్వవిద్యాలయం ఉందని చాలామంది తల్లిదండ్రులకు తెలియదు. రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాలుగా ఉన్న ఆస్వాల్డ్ కూల్డ్రే ఒక కుర్రవాడి బొమ్మలు గమనించి, ప్రోత్సహించి బొంబాయి జేజే చిత్రకళా స్కూలుకు పంపకపోతే మనకు చిత్రకారుడు దామెర్ల రామారావు లేడు. 1925లో 28 ఏళ్లు నిండీ నిండకముందే పోయిన ఆయన ఆ కొద్ది కాలంలోనే అంత చేశాడంటే, ఒక ప్రిన్సిపాలు సమయానికి చూడటం దానికి మొదలు.

మిగతా నలభై నలుగురు చిత్రకారులు కారు. కానవసరం లేదు. నా దగ్గర చదివిన ఒకతను ఇప్పుడు ఓడల పనిలో వెల్డర్. మొన్న బస్టాపులో కలిసి, "రెండు రేకులు కలిసే చోట ముందు ఖాళీని చూస్తాను మాస్టారూ, మీరు కుర్చీ కాళ్ల మధ్య చూడమన్నట్టు" అన్నాడు. ఆ కుర్చీ సంగతి నేనే మరచిపోయాను.

కాబట్టి అమ్మా, మీరు వెంటనే చేయవలసింది ఒకటుంది. మీ బడి డాబా తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుందో రేపు కనుక్కోండి. పిట్టగోడ ఎత్తు చూసుకుని, అటెండరునో ఇంకో టీచరునో తోడు తీసుకుని, ఆరో తరగతిని పైకి తీసుకెళ్లండి. సముద్రం కనబడకపోతే కొండ కనబడుతుంది, అదీ లేకపోతే ఆకాశం ఎలాగూ ఉంటుంది. మూడు అంగుళాల ముక్కలు ముందే కోసి ఉంచుకోండి. వెనక తేదీ, వేళ రాయించడం మరచిపోకండి.